ఎర్ర బంగారం అంటే మిరపా, చందనమా? ఒకే ముద్దుపేరును పంచుకునే వస్తువులపై చర్చ

లంకగాలి (అమలాపురం)

సభ్యులందరికీ నమస్కారం. మా నాయనమ్మ గారికి ఎనభై ఆరేళ్ళు. పత్రికలో పెద్దక్షరాలు మాత్రమే చదవగలరు. మొన్న ఉదయం ‘భారీగా ఎర్ర బంగారం పట్టివేత’ అన్న శీర్షిక చదివి, రైతు మిరపకాయలు అమ్ముకుంటే పోలీసులకేం పోయిందని ఆమె నిజంగానే నొచ్చుకున్నారు. అది ఎర్రచందనం గురించిన వార్త అని నేను చెప్పాను గానీ, ఆమె పొరపాటు నాకేమీ కనిపించలేదు. ఎందుకంటే అంతకు వారం ముందే అదే పత్రికలో అదే పేరుతో గుంటూరు మిరప ధరల గురించి ఆమె చదివారు.

అప్పటినుంచి ఈ పేరును లెక్కపెడుతున్నాను. పత్తి తెల్ల బంగారం, బొగ్గు నల్ల బంగారం, ముడిచమురూ నల్ల బంగారమే, మిరియాలూ నల్ల బంగారమే. పసుపు పచ్చ బంగారం. తునికాకును, వెదురును ఆకుపచ్చ బంగారం అంటున్నారు. ఇవన్నీ కాక మా వీధిలో పిల్లలందరూ బంగారాలే. ఒకదానితో ఒకటికి ఏ చుట్టరికమూ లేని ఇన్ని వస్తువులు ఒక్క ముద్దుపేరు కిందికి ఎలా చేరాయో, పేరు కలిసినప్పుడు మనం వాటిని ఎలా వేరు చేసుకుంటున్నామో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సార్వాదాళ్వా (పెనుగొండ)

లంకగాలి గారూ, మీ జాబితాలో మా వరి లేకపోవడం నాకు కాస్త కష్టంగానే ఉంది. మాకు దగ్గరలోని మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. అక్కడినుంచి 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029 రకానికి పెట్టిన పేరు ‘స్వర్ణ’. వశిష్ఠ, మసూరి రకాలను కలిపి దాన్ని తయారుచేశారు. ఇందులో వశిష్ఠ మన గోదావరి పాయ పేరే. సుమారు 150 రోజుల పంట కనుక సార్వాకు, అంటే వానాకాలపు సాగుకు, సరిపోయింది. ఆ తరువాత ఒడిశా, బెంగాల్, బీహార్ రైతులు కూడా దాన్ని తమ సొంత రకమన్నంతగా పెంచుకున్నారు. ముంపును రెండు వారాల వరకు తట్టుకునే గుణాన్ని జతచేసిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది.

స్వర్ణ అన్నది శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. దాన్ని ముద్దుపేరు అనలేమని మీరు అభ్యంతరం చెప్పవచ్చు. అయినా డెల్టా నేలను ‘బంగారం పండే భూమి’ అని పిలవడం ఆ రకం పుట్టకముందునుంచీ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు పారిన తరువాతనే ఆ మాటకు అర్థం వచ్చిందని మా తాతగారు అనేవారు. అదే నేలలో, మీ కోనసీమలోనే, 2011లో రైతులు పంట విరామం ప్రకటించారు, అంటే నాట్లు వేయకుండా పొలాలు ఖాళీగా వదిలేశారు. బంగారం పండుతున్నదన్న మాటను ఎవరు ఎవరి గురించి అంటున్నారో కూడా ఈ చర్చలో చూడాలని నా మనవి.

ప్రసంగవశాత్తు మరొక్క మాట. అదే కేంద్రం ఇచ్చిన ‘కాటన్ దొర సన్నాలు’ కూడా వరి రకమే. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ మీది గౌరవంతో పెట్టిన పేరది. ఉత్తరాదినుంచి వచ్చిన ఒక మిత్రుడు దాన్ని పత్తి రకమనుకుని మా పొలంలో దూది కోసం వెతికాడు.

పసుపుకొమ్ము (తణుకు)

నేను కళాశాలలో తెలుగు చెప్పి విరమించినవాణ్ణి. అందుచేత మాటల వైపునుంచి వస్తాను. ఇక్కడ ‘పచ్చ బంగారం’ మిగిలిన వాటితో కలిసేది కాదు. పచ్చ, పసుపు, పసరు, పసిడి, పైడి అన్నవి ఒకే ధాతువునుంచి వచ్చిన మాటలు. పూర్వం తెలుగువారికి ఆకు రంగు, పసుపు రంగు ఒకే మాటలో ఇమిడి ఉండేవి. పచ్చగడ్డి అన్నప్పుడు ఆకు రంగు, పచ్చకామెర్లు అన్నప్పుడు పసుపు రంగు స్ఫురించడానికి కారణం అదే. పసిడి అంటే పచ్చనిది, పసుపు అన్నా పచ్చనిదే. కాబట్టి పసుపును బంగారమనడం ఏ విలేకరీ కనిపెట్టిన పోలిక కాదు. ఈ రెండూ పుట్టుకతోనే తోబుట్టువులు. ‘పచ్చ బంగారం’ అనడం ఒక విధంగా ‘పసిడి పసిడి’ అని రెండుసార్లు అనడమే.

బంగారం అన్న మాట చరిత్ర ఇంకా చిత్రమైనది. భృంగారమనే సంస్కృత శబ్దానికి అది వికృతి అని పెద్దలు చెబుతారు. భృంగారమంటే మొదట బంగారు కలశం. రాజులకు అభిషేకం చేసే నీటి పాత్ర. పాత్ర పేరు లోహానికి వచ్చింది, లోహం పేరు మిరపకాయకు వెళ్ళింది. అసలు బంగారమే ఆ పేరును ఒక చెంబు దగ్గర అరువు తెచ్చుకున్నప్పుడు, మిగిలినవాటిని తప్పుపట్టే హక్కు దానికి లేదని నాకు అనిపిస్తుంది.

మిరపకాయ సంగతి కూడా ఇటువంటిదే. అది పోర్చుగీసువారి ఓడలతో 16వ శతాబ్దంలో అమెరికా ఖండంనుంచి మన దేశానికి వచ్చిన కాయ. అంతకుముందు మన వంటలో కారమంటే మిరియమే. కొత్త కాయ కూడా కారంగా ఉండడంతో దానికి మిరియం పేరునే కాస్త మార్చి పెట్టుకున్నాం. అంటే నేటి ‘నల్ల బంగారం’ తన అసలు పేరును నేటి ‘ఎర్ర బంగారానికి’ ఎప్పుడో ఇచ్చేసింది.

గీటురాయి (నరసాపురం)

మాది మూడు తరాలుగా బంగారు పని చేసే ఇల్లు. ఈ చర్చ చదువుతూ నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకంటే మా పనిలో ఎర్ర బంగారం, తెల్ల బంగారం, పచ్చ బంగారం అన్నవి నిజంగానే ఉన్నాయి, అవి నిజంగా బంగారమే.

మేలిమి బంగారం ఆభరణానికి పనికిరానంత మెత్తన. అందుచేత అందులో వేరే లోహం కలుపుతాం. ఇరవై రెండు క్యారెట్లంటే నూటికి 91.6 పాళ్ళు బంగారం, మిగిలినది కలిపిన లోహం. పద్దెనిమిది క్యారెట్లలో నూటికి 75 పాళ్ళే బంగారం. ఆ మిగిలిన పాలులో రాగి ఎక్కువైతే నగ ఎర్రబారుతుంది. ఇప్పుడు పెళ్ళికూతుళ్ళు రోజ్ గోల్డ్ అని అడిగేది ఇదే. వెండి ఎక్కువైతే లేత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. పల్లాడియం గాని నికెల్ గాని కలిపితే తెల్లబడుతుంది, పైన రోడియం పూత వేస్తే మరింత మెరుస్తుంది. మొన్న ఒక కుర్రవాడు వచ్చి తెల్ల బంగారం ఉంగరం కావాలన్నాడు. వెంట వచ్చిన వాళ్ళ తాతగారు అది పత్తి ఉంగరమా అని అడిగారు. ఆయన హాస్యానికన్నారో, నిజంగానే అడిగారో నాకు ఈనాటికీ తెలియదు.

కాకిబంగారాన్ని కూడా మీ జాబితాలో చేర్చండి. పెళ్ళిపందిళ్ళకూ దేవుడి పటాలకూ అతికించే తళుకు రేకును మా వైపు అలాగే అంటారు. మిగిలినవన్నీ బంగారం కాకపోయినా విలువైనవి కనుక ఆ పేరు పొందాయి. ఇది ఒక్కటే విలువ లేకపోయినా రంగు కలిసినందుకు పొందింది. పేరుకు ముందు ‘కాకి’ చేర్చి జనం దాని బండారం అప్పుడే బయటపెట్టారు.

నీటికాకి (ఆకివీడు)

గీటురాయి గారు కాకి అన్నారు కనుక నేనూ పలుకుతున్నాను. మా చెరువుల్లో ‘బంగారు తీగ’ అనే చేప ఉంది. చేపల శాఖవారి పుస్తకాల్లో కామన్ కార్ప్ అంటారు. శీలావతి, బొచ్చె, మోసు మన నదుల్లో ఉన్న చేపలు. బంగారు తీగ, గడ్డి చేప, వెండి చేప బయటి దేశాలనుంచి తెచ్చినవి. పొలుసు మీద పసుపు ఛాయ ఉన్నందున దానికి ఆ పేరు వచ్చింది. అంతకుమించి బంగారంతో దానికి ఏ సంబంధమూ లేదు. పైగా అది అడుగున మేసే చేప. మేత కోసం బురద కెలికి నీటిని మురికి చేస్తుంది, గట్లను కూడా తవ్వుతుంది. మా నాన్నగారు గట్టు జారిన ప్రతిసారీ ‘బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా’ అనేవారు.

రొయ్య సంగతి వేరు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ధర పలికిన తీరు చూసి దాన్ని బంగారమనని మనిషి మా మండలంలో లేడు. తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువులు ఖాళీ అయిన తరువాత ఆ మాట వినిపించలేదు. 2009 తరువాత వనామి రొయ్య వచ్చింది, దానితోపాటు ఆ మాటా తిరిగి వచ్చింది. నేను గమనించినంతవరకు ఈ ముద్దుపేరు వస్తువుకు శాశ్వతంగా అంటుకునేది కాదు, ధరతోపాటు వచ్చి ధరతోపాటు పోయేది.

రెండో ముద్రణ (రాజమహేంద్రవరం)

నీటికాకి గారి చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఒక పత్రికలో ఉప సంపాదకుడిగా పనిచేశాను. మా బల్ల మీద పత్తి ధర పెరిగినా ‘తెల్ల బంగారమే’, పడిపోయినా ‘తెల్ల బంగారం వెలవెల’యే. నిజానికి ధర పడిన రోజున ఆ పేరును ఇంకా ఎక్కువ ఇష్టంగా వాడేవాళ్ళం. బంగారం అన్న మాట పక్కన నష్టం అన్న మాట పెడితే శీర్షిక దానంతట అదే నిలబడుతుంది.

వెనుక ఉన్న అవసరం కూడా చెప్పాలి. ఒకే వార్తలో పత్తి అన్న మాట పదిసార్లు రాకూడదని మాకు నేర్పేవారు. రెండోసారి రాయడానికి మరొక పేరు కావాలి. ఆ కొరతలోనుంచే ఈ రంగుల బంగారాలలో చాలామటుకు పుట్టాయి. పసుపుకొమ్ము గారు చెప్పిన ధాతువు సంగతి నిజమే కావచ్చు గానీ, రాత్రి పదకొండు గంటలకు శీర్షిక పెట్టే మనిషికి పసిడీ పసుపూ తోబుట్టువులన్న స్పృహ ఉండదు.

పసుపుకొమ్ము (తణుకు)

స్పృహ ఉండనవసరం లేదండీ. నాలుక మీద ఉన్న దారి వెంటే చెయ్యీ పోతుంది. ఇదే రంగున్న శనగపప్పును ఎవరూ పచ్చ బంగారమని ఎందుకనలేదో మీరు ఆలోచించండి.

రెండో ముద్రణ (రాజమహేంద్రవరం)

శనగపప్పుకు దుగ్గిరాలలోనూ నిజామాబాదులోనూ ఉన్నంత పేరున్న మార్కెట్ లేదు కనుక. వార్త ఉన్నచోటే ముద్దుపేరు పుడుతుంది.

దుగ్గిరాల ఆడపడుచు (రావులపాలెం)

మా పుట్టింటి పేరు వచ్చింది కనుక ఒక్క మాట. పసుపు పండించే ఇంట్లో పెరిగాను. కొమ్ములు ఉడకబెట్టడం, ఎండబెట్టడం, మెరుగుపట్టడం అన్నీ చూశాను. మా ఇంట్లో ఎవరి నోటా పచ్చ బంగారం అన్న మాట వినలేదు. మా నాన్నగారు పసుపు అనేవారు, ధర బాగా తగ్గిన ఏడు అదీ అనేవారు కాదు, ‘సరుకు’ అనేవారు. దూరంనుంచి చూసేవారికే అది బంగారంలా కనిపిస్తుందేమో.

సార్వాదాళ్వా (పెనుగొండ)

నేను మొదట చెప్పదలచుకున్నది మీరు సూటిగా చెప్పారమ్మా. పత్తి రైతు పత్తి అంటాడు, రొయ్య రైతు రొయ్య అంటాడు. వాళ్ళు బంగారమనేది ఇంట్లో ఉన్న అసలు బంగారాన్నే. సార్వా ఊడ్పులకు పెట్టుబడి లేనప్పుడు దాన్ని తాకట్టు పెడతారు, పంట వచ్చాక విడిపించుకుంటారు. మా ఇంట్లో మా అమ్మగారి నాలుగు కాసుల గొలుసు ఏడాదిలో ఆరు నెలలు బ్యాంకులోనే ఉండేది. ఆపదలో చేతికొచ్చేదన్న ఈ గుణాన్ని ధరకూ రంగుకూ పక్కన చేర్చాలి. చూడి గేదెను మా అమ్మగారు ‘నా బంగారం’ అనడంలో ఉన్నది ఆ గుణమే. ఆ గేదె నల్లగా ఉన్నా ఆమె దాన్ని నల్ల బంగారమనలేదు.

గ్యాసుబావి (మామిడికుదురు)

నల్ల బంగారం గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక నా వంతు. ఈ పేరున్న మూడు వస్తువులలో రెండు మన గోదావరి దగ్గరే దొరుకుతాయి. ఎగువన కొత్తగూడెం, మణుగూరు, రామగుండం వైపు బొగ్గు, దిగువన మన కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు. రెండూ భూమిలో చిక్కుకున్న పాతకాలపు జీవపదార్థమే కనుక వీటి మధ్య కొంత బంధుత్వం ఉంది. మిరియాలకు మాత్రం ఆ బంధుత్వం లేదు. రోమను వర్తకులు నిజంగానే బంగారు నాణేలిచ్చి కేరళ తీరంనుంచి మిరియాలు పట్టుకుపోయారు కనుక, ధర విషయంలో వాటికున్నంత న్యాయం మిగతా రెండింటికీ లేదని నా అభిప్రాయం.

అయితే మా వైపు ఎక్కువగా దొరికేది వాయువు. దానికి రంగే లేదు, దాన్ని నల్ల బంగారం అని ఎలా అంటారో నాకు బోధపడదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో లేచిన మంట 65 రోజులు ఆరలేదు. రాత్రిళ్ళు మా పెరట్లో కొబ్బరిచెట్ల నీడలు ఆ వెలుగులో కదులుతూ ఉండేవి. దాన్ని చూసినవారు ఆ వస్తువును ముద్దుపేరుతో పిలవరు. మా ఊళ్ళో ఈనాటికీ దాన్ని ‘గ్యాసు’ అనే అంటారు.

నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతున్నది. చమురు బావుల వల్ల కలిగే లాభనష్టాల మీద వేరొక శీర్షిక ఉన్నది కనుక ఆ విషయాన్ని అక్కడ కొనసాగించి, ఇక్కడ పేరు పంచుకోవడం గురించే రాయవలసిందిగా మనవి.

తోకలేని పిట్ట (పాలకొల్లు)

నేను తపాలా బట్వాడా చేసి విరమించినవాణ్ణి, నా పేరును బట్టి పెద్దలు ఊహించే ఉంటారు. లంకగాలి గారి రెండో ప్రశ్నకు, అంటే పేరు కలిసినప్పుడు ఎలా వేరు చేస్తామన్నదానికి, ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

నేను బట్వాడా చేసిన ఒక ఊళ్ళో ఒకే వీధిలో నలుగురు బంగారాలు ఉండేవారు. ఒకరి పేరు బంగార్రాజు, ఒకరు బంగారయ్య, ఒకావిడ బంగారమ్మ, నాలుగో ఆయన అసలు పేరు సూర్యనారాయణ అయినా చిన్నప్పటి ముద్దుపేరు పోలేదు. ఊళ్ళోవారికి నలుగురూ బంగారాలే. కొత్తలో నేను ఒకరి మనియార్డరు మరొకరికి ఇచ్చి, నా జేబులోనుంచి కట్టుకున్నాను. తరువాత ఊరు వారిని ఎలా పిలుస్తున్నదో విన్నాను. మేడ బంగారం, కొట్టు బంగారం, కాలువగట్టు బంగారం, గెడ్డం బంగారం. అప్పటినుంచి నాకు తప్పు జరగలేదు.

మీ ఎర్ర, తెల్ల, నల్ల అన్నవి కూడా మేడ, కొట్టు, గెడ్డం వంటివే. పేరు అందరికీ ఒకటే ఇస్తారు, గుర్తుపట్టే పని ముందున్న మాట మీద పడుతుంది. గెడ్డం బంగారం ఒకనాడు తిరుపతి వెళ్ళి గెడ్డం తీయించుకుని వచ్చాడు. ఊరు అతన్ని ఆ తరువాత కూడా గెడ్డం బంగారమనే పిలిచింది. పత్రికలో ధర పడిన పత్తి తెల్ల బంగారంగానే మిగలడం కూడా ఈ లెక్కలోకే వస్తుందేమో చూడండి.

లంకగాలి (అమలాపురం)

తోకలేని పిట్ట గారికి ప్రత్యేకంగా నమస్కారం. మీ మేడ, కొట్టు, గెడ్డం మా ఎరుపు దగ్గర పనిచేయలేదన్నదే నా ఇబ్బంది. శేషాచలం అడవుల ఎర్రచందనమూ ఎర్రనిదే, గుంటూరు మిరపా ఎర్రనిదే. ఇద్దరికీ గెడ్డం ఉంది. ఇప్పుడు నాకు తోచిన ఉపాయం ఒక్కటే. మార్కెట్ ధరల పేజీలో కనిపిస్తే మిరప, నేర వార్తల పేజీలో కనిపిస్తే చందనం. కానీ ఆ రెండూ మొదటి పేజీకి వచ్చిన రోజున మా నాయనమ్మ గారి వంటివారి గతి ఏమిటి?

అలాగే పిల్లలను బంగారమనడం గురించి నా ప్రశ్న మిగిలే ఉంది. అక్కడ ధర లేదు, రంగు లేదు, తాకట్టు లేదు.

దుగ్గిరాల ఆడపడుచు (రావులపాలెం)

అక్కడా ఒక అవసరం ఉందండీ. అన్నం తినిపించేటప్పుడు, మందు మింగించేటప్పుడు మా మనవణ్ణి బంగారమంటాను. వాడు చరవాణిని నీళ్ళ బకెట్‌లో వేసిన రోజున కూడా ‘మా బంగారమే’ అన్నాను. మాట ఒక్కటే, గొంతు వేరు. వాడికి మూడేళ్ళు, వాడు ఏనాడూ ఆ రెండింటినీ కలగలుపుకోలేదు.

గీటురాయి (నరసాపురం)

మా గీటురాయి కన్న ఆ మూడేళ్ళవాడి చెవి నయమన్నమాట.

రెండో ముద్రణ (రాజమహేంద్రవరం)

లంకగాలి గారూ, మొదటి పేజీ గురించి మీరు అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉంది, అది నాకు గౌరవం తెచ్చేది కాదు. ఒక వేసవిలో శీతల గిడ్డంగి తగలబడి మిరప బస్తాలు కాలిపోయిన వార్త వచ్చింది. ‘ఎర్ర బంగారం బూడిద’ అని శీర్షిక పెట్టి, అది బాగా కుదిరిందని నేనే మురిసిపోయాను. తొలి ముద్రణ ఊళ్ళకు చేరగానే జిల్లా విలేకరి ఫోను చేసి, పట్టుబడిన చందనం దుంగలు దాచిన గోదాము తగలబడిందా అని అడిగాడు. తరువాత మరొకరు, ఆ తరువాత అటవీ శాఖలో పనిచేసే ఒక పరిచయస్తుడు అదే అడిగారు. వార్త మొదటి వాక్యంలో కూడా నేను మిరప అన్న మాట రాయలేదని అప్పుడు గాని కనిపించలేదు. రెండో ముద్రణకు శీర్షిక మార్చి ‘మిర్చి బస్తాలు బూడిద’ అని పెట్టాను. ఈ వేదికలో నా పేరు అక్కడినుంచి వచ్చినదే.

లంకగాలి (అమలాపురం)

మీ జవాబును ఇప్పుడే మా నాయనమ్మ గారికి చదివి వినిపించాను. మొదటిసారే మిరపకాయలని రాస్తే ఆ రాత్రి త్వరగా ఇంటికి వెళ్ళేవారు కదా అని మిమ్మల్ని అడగమన్నారు.